దొరసాని వెనక కాలు

మార్చి 3, సోమవారం

మూడో అంతస్తు వాళ్ళ చిలక బొమ్మకు ముక్కు పూర్తయింది. నాకు కాఫీ పూర్తి కాలేదు. ఏడింటికి అడిగితే ఎరుపు ఆరిపోతుందని, ఒక్క నిమిషం ఆగమని చెప్పింది మా ఆవిడ పుణ్యవతి. ఎరుపు ఆరలేదు గానీ డికాక్షన్ చల్లారిపోయింది.

ముప్పై మూడేళ్ళు సర్వే శాఖలో పనిచేసి, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. కాకినాడ చుట్టుపక్కల ఏ ఊరి పటమైనా తీయండి, మూలన నా సంతకం ఉంటుంది. గీత ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ప్రభుత్వం నాకు పరీక్ష పెట్టి మరీ సర్టిఫికెట్ ఇచ్చింది. అలాంటి ఇంట్లో ఆర్టిస్టు ఎవరయ్యా అంటే, ఇంటర్లో లెక్కలు తప్పిన పుణ్యవతి.

ఎవరి దగ్గరా నేర్చుకోలేదట. ఈ మాట చెప్పి జనం మురిసిపోతారు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా అప్పెండిక్స్ ఆపరేషన్ చేస్తానని ఎవరైనా వస్తే ఇలాగే మురిసిపోతారేమో అడగాలి.

మార్చి 5

డైనింగ్ టేబుల్ మీద భోంచేసి వారమైంది. అక్కడ చిలక ఆరుతోంది. కింద కూర్చుని తింటే మోకాళ్ళకు మంచిదని చెప్పింది. ఎవరి మోకాళ్ళకో చెప్పలేదు.

మార్చి 9, ఆదివారం

ఈ రోజు ఇంటికి తిమ్మప్ప అనే ఆయన వచ్చాడు. అనంతపురం మనిషి, ఇక్కడ రియల్ ఎస్టేట్. మా నానక్‌రామ్‌గూడ ఊళ్ళోంచి రోడ్డు దాటితే కనబడే అద్దాల టవర్లలో ఇరవై ఏడో అంతస్తు ఆయనది. మా ఇల్లు ఆ టవర్ల నీడలో ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటితే మాకు ఎండ కూడా వాళ్ళు వదిలేసినదే.

మదీనాగూడలో పశువుల డాక్టరు గోడ మీద పుణ్యవతి వేసిచ్చిన పిల్లి బొమ్మ ఒకటి ఉంది. అది చూసి, అడ్రసు పట్టుకుని వచ్చాడు. ఆయనకు ఒక ముసలి కుక్క ఉంది. పదమూడేళ్ళది. పోయిన ఆయన భార్య శారదమ్మ పెంచింది. దాని పేరు దొరసాని. ఎక్కువ రోజులు ఉండేలా లేదు, ఉండగానే బొమ్మ వేయించుకోవాలని ఆయన కోరిక.

ఫోన్లో రెండు వందల ఫొటోలున్నాయి, పంపుతానన్నాడు. ఫొటో చూసి వేయనని పుణ్యవతి చెప్పింది. దాని పక్కన కూర్చోవాలట. అది లేవడం, పడుకోవడం, నీళ్ళు తాగడం చూడాలట. నెల పట్టొచ్చట. పెళ్ళిచూపుల్లో నన్ను చూడటానికి ఈవిడకు మూడు నిమిషాలు చాలాయి.

తిమ్మప్ప వెంటనే ఒప్పుకున్నాడు. నా నంబరు రాసుకున్నాడు. బొమ్మలకు సంబంధించిన ఫోన్లన్నీ నా ఫోన్‌కే వస్తాయి. రసజ్ఞ, అంటే మా అమ్మాయి, అమ్మకు విడిగా సిమ్ తీసుకుందామంటే నేనే వద్దన్నాను. పుణ్యవతికి జనంతో మాట్లాడటం రాదు. ఎవరో ఒకరు ఆఫీసు వ్యవహారం చూడాలి కదా.

మార్చి 12

మొదటి రోజు. స్టూలు, రంగుల పెట్టె, అట్ట నేను మోశాను. సెక్యూరిటీ వాళ్ళు నా ఫొటో తీసుకుని, ఎందుకొచ్చారని అడిగారు. కుక్కను చూడటానికని చెప్పాను. రిజిస్టర్లో అలాగే రాశారు.

దొరసాని గారు హాల్లో, ఏసీ కింద, నా పెళ్ళినాటి పరుపుకంటే మెత్తటి పరుపు మీద పడుకుని ఉన్నారు. తేనె రంగు. మూతి తెల్లబడింది. పుణ్యవతి వెళ్ళి పక్కన నేల మీద కూర్చుంటే లేచి చెయ్యి వాసన చూసి, మళ్ళీ తల వాల్చింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. గుర్రుమంది.

తిమ్మప్ప నొచ్చుకున్నాడు. ఇది ఎవరినీ ఏమీ అనదని, ఎందుకిలా చేస్తోందో తెలియడం లేదని పదిసార్లు చెప్పి, నన్ను బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రెండు గంటలు ఇరవై ఏడో అంతస్తు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు చూశాను. అలైన్‌మెంట్ బాగానే చేశారు.

మార్చి 16

పుణ్యవతి ముందు కళ్ళు వేస్తుంది. ఏ జంతువైనా సరే. కళ్ళు పడితే అది తనను చూస్తూ ఉంటుందట, తప్పు గీత పడనివ్వదట. ఏ పద్ధతిలోనూ, ఏ పుస్తకంలోనూ ఇలా లేదు. ముందు చట్రం, తర్వాత హద్దులు, చివర వివరాలు. నేను చెప్పాను. వింది. కళ్ళే వేసింది.

ఇప్పుడు మా డైనింగ్ టేబుల్ మీద తెల్లకాగితం మధ్య నుంచి రెండు కళ్ళు నన్ను చూస్తున్నాయి. గుర్రుమనడం ఒక్కటే తక్కువ.

మార్చి 21

పొద్దున టీ కొట్టు దగ్గర పక్క అపార్ట్‌మెంట్ ఆయన ఎవరో నన్ను ఇంకొకాయనకు పరిచయం చేశాడు. నా పేరు సోమేశ్వరరావు అని చెప్పలేదు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అని చెప్పలేదు. కుక్కల బొమ్మల అమ్మగారి హజ్బెండ్ అన్నాడు. ఆ రెండో ఆయన ఎంతో గౌరవంగా, వాళ్ళ పమేరియన్‌కు కూడా వేస్తారా అని నన్ను అడిగాడు.

నాకేమీ అనిపించలేదు. టీలో చక్కెర ఎక్కువైంది, అందుకే వదిలేసి వచ్చాను.

మార్చి 24

ఊరికే ఒక ప్రయోగం. పోటీ అని కాదు.

పుణ్యవతి టవర్‌కు వెళ్ళింది. ఈ మధ్య నేను వెళ్ళడం లేదు. బాల్కనీలో చూడాల్సిన రోడ్డంతా చూసేశాను. మా వాచ్‌మన్ సాయిలుకు ఒక నల్ల కుక్క ఉంది. గేటు దగ్గర పడుకుంటే, నేను కుర్చీ వేసుకుని, స్కేలు, సెట్‌స్క్వేర్, టూ హెచ్ పెన్సిలు పెట్టుకుని, ఒకటికి ఐదు స్కేలులో మొదలుపెట్టాను. ముక్కు నుంచి తోక మొదలు దాకా టేపుతో కొలిచాను. అది నన్ను కరవలేదు. ఈ విషయం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

గంటన్నరలో పూర్తయింది. ఒక్క గీత కూడా వంకర లేదు. సాయిలు వచ్చి చాలాసేపు చూశాడు.

"ఏంది సార్, ఏడ ప్లాటు ఇది?" అన్నాడు.

కుక్క అని చెప్పాను. మళ్ళీ చూశాడు. నొప్పించకూడదని పాపం కొంచెం ఆలోచించి, "కాళ్ళు మంచిగ పడ్డయి సార్, హద్దు రాళ్ళ లెక్క" అన్నాడు.

మార్చి 25

కాగితం చింపేశాను. నిజానికి ఆ కాగితం నాణ్యత బాగాలేదు.

ఏప్రిల్ 2

దొరసానికి బాగాలేదు. రెండు రోజులుగా వెనక కాళ్ళు లేవడం లేదట. డాక్టరు ఇంటికే వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళాడు. ఇంక దాన్ని కదిలించవద్దని, పడుకోనివ్వమని చెప్పాడు.

బొమ్మ ముప్పాతిక పైన అయింది. తల, మెడ, ముందు కాళ్ళు, పొట్ట. చూస్తే నాకు కూడా, ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చెయ్యి పెట్టి నిమరాలనిపించింది. నడుము దాటాక మాత్రం ఖాళీ. వెనక కాలు, తోక మిగిలాయి. ఆ కాలు ఇదివరకు పెట్టుకున్నట్టు పెట్టుకోవడం లేదని, ఇప్పుడు ఎలా వాలిపోతోందో ఒక్కసారి నెమ్మదిగా కూర్చుని చూస్తే చాలని పుణ్యవతి అంటుంది. ఒకే ఒక్క రోజు. ఈలోగా ఇంట్లో చుట్టాలున్నారని, వాళ్ళు వెళ్ళగానే తనే ఫోన్ చేస్తానని తిమ్మప్ప చెప్పాడు.

ఆవిడ రోజుకు పదిసార్లు అడుగుతోంది, ఫోన్ వచ్చిందా అని. నా ఫోన్ వైపు ఇంత ఆశగా ఈవిడ ఎప్పుడూ చూడలేదు. నా ఉద్యోగంలో ప్రమోషన్ కబురు వచ్చిన రోజు కూడా.

ఏప్రిల్ 8, మంగళవారం

ఈ రోజు విశేషాలేమీ లేవు.

ఎండ విపరీతంగా ఉంది. పుణ్యవతికి రాత్రి నుంచి తలనొప్పి. మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుంది. మూడు గంటల ఇరవైకి తిమ్మప్ప ఫోన్ చేశాడు. కుక్క పరిస్థితి బాగాలేదట, అమ్మను ఒకసారి పంపమన్నాడు. అలాగే చెబుతానన్నాను. ఎప్పుడు చెబుతానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

లేపితే ఆవిడకు తలనొప్పి పెరుగుతుంది. పైగా ఎండ. నడిచి వెళ్తే పావుగంట. సరే, ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలూ ఎండే కదా. ఒక మనిషి ఆరోగ్యం ముఖ్యమా, కుక్క కాలు ముఖ్యమా? భర్తగా నాకు కొన్ని బాధ్యతలున్నాయి.

నాలుగుంబావుకు మళ్ళీ మోగింది. నిద్ర పాడవుతుందని ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను. తర్వాత చూస్తే ఐదింటికి కూడా చేశాడు.

ఐదున్నరకు ఆవిడే లేచింది. తలనొప్పి తగ్గిందట. మొహం కడుక్కుని, ఫోన్ వచ్చిందా అని అడిగింది. నేను పేపరు చదువుతున్నాను. తల అడ్డంగా ఊపాను. అది పేపర్లో వార్త చూసి ఊపిందో, ఆవిడ అడిగినదానికి ఊపిందో కచ్చితంగా చెప్పలేను. జీడిపప్పు వేసి ఉప్మా చేసింది. ఇద్దరం కూర్చుని తిన్నాం. రసజ్ఞ ఆఫీసు నుంచి వచ్చాక ముగ్గురం మామూలు మనుషుల్లా మామూలు విషయాలు మాట్లాడుకున్నాం. ఇంట్లో కుక్క ప్రస్తావన లేకుండా ఒక సాయంత్రం గడిచి ఎన్నాళ్ళయిందో.

పొద్దున్నే చెబుతాను. కుక్క ఎక్కడికి పోతుంది?

ఏప్రిల్ 9

పోయింది.

నిన్న సాయంత్రం ఆరింటికి.

పొద్దున కాఫీ తాగుతూ, తిమ్మప్ప రమ్మన్నాడని చెప్పాను. ఎప్పుడు రమ్మన్నాడో చెప్పలేదు. పుణ్యవతి గ్లాసు అక్కడే పెట్టేసి చీర మార్చుకుంది. వెళ్ళేసరికి హాల్లో పరుపు లేదు. నేల తుడిచి ఉంది. తిమ్మప్ప గడ్డం గీసుకోలేదు. ఆయన చెప్పాక పుణ్యవతి పరుపు ఉన్న చోట, ఉత్త నేల మీద కూర్చుంది. ఆ నేల మీద అరచెయ్యి ఆనించింది. కొంతసేపటికి, నిన్ననే ఒక్క ఫోన్ చేయాల్సింది కదా అని అడిగింది.

అప్పుడు తిమ్మప్ప నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు. తర్వాత ఆవిడతో అన్నాడు.

"చేస్తినమ్మా. కలవల్యా. ఈ టవర్లలో సిగ్నల్ ఉండదు."

ఆయన ఇంట్లో నా ఫోన్‌కు నాలుగు గీతల సిగ్నల్ ఉంది. నేను చూసుకున్నాను.

ఏప్రిల్ 10

సిగ్నల్ సమస్య ఈ ప్రాంతంలో నిజంగానే ఉంది. చాలామంది అంటుంటారు.

ఏప్రిల్ 13

పుణ్యవతి రంగుల పెట్టె కట్టేసి అటక మీద పెట్టించింది. నేనే ఎక్కి పెట్టాను. బ్రష్షులు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టింది. తనకు ఆ రోజు పడుకోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందో తెలియదని, తలనొప్పి ఓర్చుకుని ఒకసారి వెళ్ళి చూసి వచ్చినా సరిపోయేదని, ఎనిమిది నిమిషాల దూరమని రసజ్ఞతో చెబుతోంది. ఆ పిల్ల తల్లి భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేముందమ్మా అంటోంది. నేను అటక తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూశాను.

కాసేపటికి ఒక పరిష్కారం చెప్పాను. తిమ్మప్ప దగ్గర రెండు వందల ఫొటోలున్నాయి. కొలతలు తీసి, ఆ కాలు స్కేలు ప్రకారం నేను గీసిస్తాను, ఆవిడ రంగు వేస్తే బొమ్మ పూర్తవుతుంది. ఎంతో ఉదారంగా చెప్పాను.

"ఆ కాలు నేను చూడలేదండీ," అంది. అంతే.

ఏప్రిల్ 17

ఏడింటికి కాఫీ. ఠంచనుగా. రుచిగా ఉంది. డైనింగ్ టేబుల్ ఖాళీ. తుడిచి, మధ్యలో పళ్ళ బుట్ట పెట్టింది. నేను కోరుకున్న ఇల్లు ఇదే.

ఏప్రిల్ 18

ఏడింటికి కాఫీ.

ఏప్రిల్ 19

ఆరు యాభై ఎనిమిదికి కాఫీ. తాగలేకపోయాను. పాలు సరిగ్గా లేవనుకుంటాను. పుణ్యవతికి మాత్రం బాగానే ఉన్నాయట. కాఫీ ఇచ్చేసి కిటికీ దగ్గర కూర్చుంటుంది. కిటికీ కింద సాయిలు కుక్క ఎండలో దొర్లుతుంటుంది. ఇదివరకైతే పెన్సిలు కోసం పరుగెత్తేది. ఇప్పుడు కర్టెన్ వేస్తుంది. ఎండ వస్తోందట.

ఏప్రిల్ 24

టీ కొట్టు దగ్గర ఆ పమేరియన్ ఆయన కనబడి, అమ్మగారు ఎప్పుడు వస్తారని అడిగాడు. ఆవిడ మానేసిందని చెప్పాను. అయ్యో అన్నాడు. ఎందుకని అడిగాడు. ఆరోగ్యం అన్నాను. ఇలాంటి సమాధానాలు నాకు బాగా అలవాటవుతున్నాయి. ఇంకొక నెల ఇలాగే సాగితే మంత్రిగారి దగ్గర పి.ఏ.గా పనికొస్తాను.

సాయిలు కూడా అడిగాడు. అమ్మ పరేషాన్‌లో ఉన్నట్టుందని, తన కుక్క దిక్కు కూడా చూస్త లేదని అన్నాడు. కుక్క సంగతి నాకెందుకు చెబుతావని కసిరాను. తర్వాత వాడికి టీ ఇప్పించాను.

ఏప్రిల్ 28, సోమవారం

పుణ్యవతి దొరసాని బొమ్మను కాగితంలో చుట్టి, తిమ్మప్పకు ఇచ్చి రమ్మంది. పూర్తి కాకపోయినా అది ఆయనదేనట, తన దగ్గర ఉండకూడదట. తను రానంది. ఆ హాల్లోకి వెళ్ళడం తన వల్ల కాదట.

తీసుకెళ్ళాను. సెక్యూరిటీ వాళ్ళు ఎందుకొచ్చారని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. కొరియర్ అన్నాను.

తిమ్మప్ప కాగితం విప్పి, బొమ్మను సోఫాకు ఆనించి, నేల మీద కూర్చుని చూశాడు. ముందు సగం కుక్క. నడుము దగ్గర రంగు పలచబడి, పెన్సిలు గీతలై, ఆ గీతలు కూడా ఆగిపోయి, తెల్లకాగితం. తర్వాత ఆ తెల్లటి చోట వేలు పెట్టి, తగలకుండా, కాలు ఎటు చాపిందో గాల్లో గీసి చూపించాడు.

ఇచ్చేశాను కాబట్టి లేచి రావచ్చు. రాలేదు. ఆ రోజు మీరు ఎందుకు అలా చెప్పారని అడిగాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. ఆఫీసులో క్రమశిక్షణ చర్య కింద వచ్చిన గుమాస్తాలు ఇలాగే మాట్లాడేవాళ్ళు.

"మీ కోసరం కాదు సార్," అన్నాడు. "కుక్క పోయిన బాధ ఒకటుండె అమ్మకి. మళ్ళా మీ పక్కన నడుచుకుంటా ఇంటికి పోవల్ల. ఇంకొకటి ఎందుకు మోయించేది అనుకుంటి."

నేను ఏదో చెప్పబోయాను. తలనొప్పి, ఎండ, నిద్ర. వాక్యం మొదలైంది గానీ క్రియ దాకా రాలేదు. ఆయన వినలేదు కూడా. బొమ్మనే చూస్తూ, ఆ సాయంత్రం గురించి తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పాడు.

"లిఫ్టు తలుపు శబ్దమైతే తల ఎత్తుతాండె సార్. అమ్మ ఆ యాళకే వస్తాది కదా రోజూ. మూడుతూర్లు ఎత్తింది. నాలుగోతూరి లిఫ్టు వచ్చింది గానీ ఎత్తల్యా."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. అమ్మకు మీరే చెప్పుకోండి, నా నోటితో చెప్పను అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అనుంటే బాగుండేది, నేనూ కోప్పడి రావడానికి వీలుండేది.

మెట్లు దిగి వచ్చాను. ఇరవై ఏడు అంతస్తులు. లిఫ్ట్ బాగానే పనిచేస్తోంది.

మే 1

చెప్పలేదు. మేడే. సెలవు కదా, రసజ్ఞ ఇంట్లో ఉంది.

మే 2

చెప్పలేదు. కరెంటు లేదు. చెమటలో ఇలాంటి విషయాలు చెప్పకూడదు.

మే 3

చెప్పలేదు. ఈ రోజుకు కారణం దొరకలేదు.

మే 4, ఆదివారం

చెప్పాను.

రసజ్ఞ స్నేహితురాలి గృహప్రవేశానికని నిజాంపేట వెళ్ళింది. పుణ్యవతి గోరుచిక్కుళ్ళు బాగుచేస్తోంది. ఎదురుగా కూర్చుని, ఆ రోజు సిగ్నల్ బాగానే ఉందని మొదలుపెట్టాను. ముప్పై మూడేళ్ళు రిపోర్టులు రాసినవాణ్ణి. ఇంత అధ్వాన్నంగా ఏ రిపోర్టూ మొదలుపెట్టలేదు.

ఆవిడ చేతులు ఆగలేదు. ఈనె తీయడం, తుంచడం, గిన్నెలో వేయడం. ఎన్నిసార్లు చేశాడని అడిగింది. మూడుసార్లని చెప్పాను. మాట్లాడారా అంది. మొదటిసారి మాట్లాడానన్నాను. ఎంతసేపని అడిగింది. ఫోన్ తీసి చూశాను. రెండు నిమిషాల పది సెకన్లు.

"ఆయన ఎలా చెప్పాడో అలాగే చెప్పండి," అంది.

చెప్పాను. ఒక్క మాట కూడా మర్చిపోలేదని అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచి ఏమీ తినల్యా సార్, వెనక కాలు ఆ పక్కకు చాపేసింది, ఎత్తల్యాక పోతాంది, అమ్మను ఒక్కతూరి రమ్మనండి, చూసుకుంటాది. ఇన్నాళ్ళూ నేను కుక్క పరిస్థితి బాగాలేదట అని ఒక్క ముక్కలో రాసి పెట్టుకున్నది ఇదీ.

లిఫ్టు సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా దాచుకుందామనుకున్నాను, కానీ దాచుకోవడంలో నా చరిత్ర ఆవిడకు ఇప్పుడే తెలిసింది కదా.

గోరుచిక్కుళ్ళు అయిపోయాయి. ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏం చెప్పాలో నా దగ్గర సిద్ధంగా ఉంది. ఎండ గురించి చక్కటి పేరా ఒకటి.

"ఆ రోజు సంగతి సరే," అంది. "ఏదో కడుపుమంట. అర్థమవుతుంది. కానీ నేను పడుకోబట్టే అలా జరిగిందని నెలరోజులుగా అనుకుంటున్నాను. మీరు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చూశారు."

ఈ మాటకు నా దగ్గర పేరా లేదు.

మే 5

ఏడింటికి కాఫీ లేదు. నేనే పెట్టుకున్నాను. కాఫీ పొడి ఏ డబ్బాలో ఉంటుందో వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

మే 9

మాట్లాడటం లేదని చెప్పలేను. అన్నం పెట్టమంటారా, గ్యాస్ వాడు వచ్చాడు, రసజ్ఞ ఆలస్యంగా వస్తుంది. ఈ మూడూ రోజూ వస్తున్నాయి. అండీ మాత్రం వదల్లేదు. ఆ అండీ ఇప్పుడు నోటీసు కింద వేసే ఆఫీసు ముద్రలా ఉంది.

మే 12

రసజ్ఞకు తెలిసింది. తల్లి చెప్పలేదట, తనే ఊహించి అడిగిందట. ఇద్దరూ కలిసి వెళ్ళి సిమ్ తెచ్చుకున్నారు. పశువుల డాక్టరు దగ్గరా, బొమ్మలు పెట్టే ఇన్‌స్టాగ్రామ్‌లోనూ నా నంబరు తీసేసి కొత్తది పెట్టారు. కొత్త నంబరు నాకు ఇవ్వలేదు. అడిగితే ఇస్తారేమో. ఏ విషయమై అని అడుగుతారేమోనని అడగలేదు.

సాయంత్రం రసజ్ఞ నా గదిలోకి వచ్చి, నాన్నా నీకు బొమ్మలంటే ఇష్టమేనా అంది. ఇదేం ప్రశ్న, నా ఉద్యోగమే అది కదా అన్నాను. పటాల గురించి కాదు, బొమ్మల గురించి అడుగుతున్నాను అంది. చిన్నప్పుడు ఇష్టంగా ఉండేదని, మా నాన్న స్కేలు లేకుండా గీస్తే ఎవరూ అన్నం పెట్టరని చెప్పాడని, అంతటితో ఆ సంగతి అయిపోయిందని చెప్పాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఇదే మొదటిసారి. ఆ పిల్ల జాలిపడుతుందేమో అనుకున్నాను. అయితే అమ్మ మీద తీర్చుకున్నావన్నమాట అని వెళ్ళి పడుకుంది. ఐటీ వాళ్ళకు దేన్నైనా రెండు ముక్కల్లో తేల్చేయడం నేర్పుతారు.

మే 19

అటక మీంచి ఏదో చప్పుడు. చూస్తే పుణ్యవతి స్టూలెక్కి రంగుల పెట్టె దించుకుంటోంది. నేను లేచి వెళ్ళాను, అందుకుందామని. తనే దించుకుంది.

మే 23

ఇంట్లో రంగుల వాసన లేదు. పెట్టె పట్టుకుని పొద్దున్నే బయటికి వెళ్ళిపోతోంది. పది దాటాక వస్తోంది. ఎక్కడికని అడగడానికి నాకు ప్రస్తుతం అధికారం లేదు. సాయిలును అడిగాను. టవర్ల ఎనుక గుట్ట దగ్గర బర్రెలు ఉన్నయి సార్, ఆడ కూసుంటది అన్నాడు. ఫికర్ చెయ్యకు, బర్రెలు కాసే పాలమ్మ మంచిగ చూస్కుంటది అని కూడా అన్నాడు. నా ఫికర్ దేని గురించో వాడికి తెలిసినట్టే ఉంది.

జూన్ 6

రాత్రి వాన పడింది. పొద్దున పుణ్యవతి చెప్పులు వేసుకుంటుంటే, రోడ్డంతా బురదగా ఉంటుంది, స్టూలు నేను మోస్తాను, రావచ్చా అని అడిగాను. ఇంత చిన్న ప్రశ్నకు నిన్నటి నుంచి తయారవుతున్నాను.

ఆవిడ చెప్పుల పట్టీ పెట్టుకోవడం ముగించింది. తల ఎత్తి చూసింది. అంత నిదానంగా ఆవిడ జంతువుల్ని చూస్తుందని నాకు తెలుసు.

"రండి. మాట్లాడకూడదు."

వెళ్ళాను. అద్దాల టవర్ల వెనక, రాళ్ళ మధ్య నాలుగు గేదెలు. పుణ్యవతి స్టూలు మీద, నేను ఒక రాయి మీద. మొదటి పది నిమిషాల్లోనే కొమ్ము వంపు కోణం ఎంతో, ఆవిడ దాన్ని ఎంత తప్పుగా వేస్తోందో చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగాను. రుచి బాగాలేదు.

గంట గడిచాక, ఆవిడ వేసినదే సరైన కోణమని తెలిసింది. గేదె తల తిప్పుకుని ఉంది. నేనే చూసుకోలేదు.

జూన్ 7

మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. వచ్చేటప్పుడు ఆ పెట్టె ఇటివ్వమని నేను చెయ్యి చాపితే, ఇవ్వలేదు. స్టూలు వరకే నాది.

జూన్ 11

ఇవాళ రెండు గంటలు. పెద్ద గేదె నెమరు వేస్తూ ఒకసారి నా వైపు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

నేనూ దాన్ని కొలవకుండా చూశాను.